మొక్కుబడి

‘మొక్కుబడి’ అన్న మాటకు నిఘంటువు చెప్పే అర్థం ఒకటి, లోకం వాడే అర్థం మరొకటి. దైవానికి మొక్కుకొన్నదాన్ని చెల్లించడం మొదటిది. మనసు పెట్టకుండా, నలుగురి కోసం పైపైన కానిచ్చివేయడం రెండవది. అర్థవిపరిణామానికి ఉదాహరణగా ఈ మాటను నేను తరగతిలో ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాశాను. అయితే ఆ రెండు అర్థాలూ నా ఇంట్లోనే ఉన్నాయని తెలుసుకోవడానికి నాకు యాభై ఏళ్లు పట్టింది. మొదటి అర్థం మా అమ్మది. రెండవది నాది.

మాది కృష్ణా జిల్లాలోని ఒక చిన్న పల్లె. తాతగారు అక్కడి కథోలిక సంఘానికి ఉపదేశి. గురువులు ఎప్పుడో ఒకసారి గాని రాలేని ఊళ్లలో పిల్లలకు జపాలు నేర్పడం, జబ్బుపడిన వారి మంచం పక్కన కూర్చొని ప్రార్థించడం, పోయినవారిని నలుగురితో కలిసి సాగనంపడం ఉపదేశి పని. ఆ పనికి దొరికే ప్రతిఫలం బహు స్వల్పం. పగలు పొలం పని, రాత్రి సంఘం పని. 1970ల చివర నాన్న బతుకుతెరువు వెదుక్కొంటూ హైదరాబాదు శివారులోని జీడిమెట్ల పారిశ్రామికవాడకు వచ్చారు. ఒక చిన్న కార్ఖానాలో లేతు యంత్రం మీద టర్నరుగా కుదిరారు. షాపూర్‌నగర్ పక్కన రేకుల కప్పుతో రెండు గదుల ఇల్లు. చుట్టూ శ్రీకాకుళం నుంచి, ఖమ్మం నుంచి, ఒరిస్సా, బీహారుల నుంచి వచ్చిన కుటుంబాలు. మందుల పరిశ్రమలు, రసాయన పరిశ్రమలు వదిలే ఘాటైన వాసన రాత్రిపూట కిటికీ మూసినా లోపలికి వచ్చేది. సైరన్ కూతలే మాకు గడియారం.

ఆ ఇంటి గోడకు ఒక మరియమాత పటం ఉండేది. భోజనాలకు ముందు దాని ఎదుట కూర్చొని కుటుంబమంతా జపమాల చెప్పుకొనేవాళ్లం. నాన్న రాత్రి షిఫ్టులో ఉన్న వారం ఆయన పూసలు ఆయన చొక్కా జేబులో ఉండేవి. కార్ఖానాకు నడిచే దారిలో ఒక్కొక్క పూసా జరుపుకొంటూ వెళ్లేవారు. ఇదంతా భక్తి అని గాని, పుణ్యమని గాని మాలో ఎవరమూ అనుకోలేదు. అన్నం తినడం ఎట్లాగో అదీ అట్లాగే.

ఇక అమ్మ మొక్కు సంగతి. నాకు నాలుగేళ్ల వయసులో విషజ్వరం వచ్చిందట. ఆసుపత్రిలో ఆశ వదులుకొమ్మన్న రోజున అమ్మ నన్ను భుజాన వేసుకొని గుణదల కొండకు వెళ్లింది. విజయవాడ శివారులోని ఆ కొండ మీద 1924లో ఆర్లాటి అనే ఇటలీ గురువు మరియమాత ప్రతిమను నెలకొల్పినప్పటి నుంచి అది తెలుగునాట పెద్ద యాత్రాస్థలం. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకు మతభేదం లేకుండా జనం వస్తారు. టెంకాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. అమ్మ టెంకాయతో సరిపెట్టుకోలేదు. “వీడు బతికితే నీకే ఇచ్చేస్తాను తల్లీ” అని మొక్కుకొంది. అంటే నన్ను కథోలిక గురువును చేస్తానని. గురువులు పెళ్లి చేసుకోరు. జీవితాంతం సంఘసేవకు అంకితమవుతారు. నేను బతికాను. అప్పటి నుంచి నా జీవితం ఒక తీరని బాకీ అయింది. పండుగనాడు కొత్త బట్టలు తొడిగినా, పరీక్షలో మంచి మార్కులు వచ్చినా అమ్మ అనే మాట ఒకటే: “నువ్వు నా బిడ్డవు కాదయ్యా, దేవుడి బిడ్డవు.”

1985లో పదవ తరగతి పూర్తికాగానే నన్ను చిన్న గురువిద్యాలయంలో చేర్చారు. గురువు కాగోరే పిల్లలు అక్కడ ఉండి ఇంటర్మీడియట్ చదువుకొంటూ ప్రార్థనాజీవితాన్ని అలవరచుకొంటారు. అప్పుడు నాది సరిగ్గా ఇప్పటి మీ వయసు. ఉదయం నాలుగున్నరకే గంట. ధ్యానం, దివ్యబలిపూజ, చదువు, తోటపని, ఆట, మౌనం. ఆ క్రమశిక్షణ నాకు కష్టమనిపించలేదు. కష్టమనిపించింది వేరొకటి. ధ్యానంలో కళ్లు మూసుకొంటే నాకు దైవం కన్నా ముందు పద్యం వచ్చేది. అక్కడి గ్రంథాలయంలో ‘వేదాంతరసాయనము’ దొరికింది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను ప్రబంధఫక్కిలో రచించిన కావ్యమది. భక్తితో చదవవలసిన పద్యాలను నేను యతిప్రాసలు చూసుకొంటూ, గణాలు విడదీసుకొంటూ చదివేవాణ్ణి. కింది తరగతి పిల్లలకు పద్యం అర్థం చెబుతూ భోజనం గంట కూడా మరిచిపోయేవాణ్ణి. గురుపట్టం పొందినట్లుగా నన్ను నేను ఊహించుకోవడానికి ప్రయత్నిస్తే ఆ దృశ్యంలో నాకు అమ్మ ముఖమే కనబడేది గాని నా ముఖం కనబడేది కాదు.

ఈ మాట మా ఆధ్యాత్మిక గురువుతో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. ఆయన కోప్పడలేదు. ఒక కథ చెప్పారు. 1521లో స్పెయిన్ దేశంలోని పాంప్లోనా కోటను కాపాడే పోరాటంలో ఇగ్నేషియస్ అనే యోధుడి కాలికి ఫిరంగి గుండు తగిలింది. నెలల తరబడి లొయోలాలోని తన ఇంట్లో మంచం పట్టాడు. వీరగాథలు చదువుకొందామంటే ఆ ఇంట్లో క్రీస్తు చరిత్ర, పునీతుల జీవితాలు తప్ప మరే పుస్తకాలూ లేవు. యుద్ధాల గురించి, పేరుప్రతిష్ఠల గురించి కలలు కంటే ఆ సేపు ఎంతో హాయిగా ఉండేది. కాని కల కరిగాక మనసు ఎండిపోయినట్లయ్యేది. పునీతుల వలె బతకాలని తలచుకొంటే ఆ తలపు పోయాక కూడా సంతోషం నిలిచేది. ఆలోచన వచ్చినప్పటి రుచి కాదు, అది వెళ్లిపోయాక నాలుక మీద మిగిలే రుచి ముఖ్యమని ఆయన గ్రహించాడు. తరువాతి కాలంలో యేసుసభను స్థాపించిన ఆ ఇగ్నేషియస్ ఆధ్యాత్మిక వివేచనకు వేసిన పునాది ఇదే. కలతలో ఉన్నప్పుడు పాత నిర్ణయాన్ని మార్చుకోరాదని, ఎటూ తేలనప్పుడు ఇదే చిక్కులో ఉన్న ఒక అపరిచితుడికి నీవేం సలహా ఇస్తావో ఆలోచించమని, మరణశయ్య మీద ఏ నిర్ణయం తీసుకొని ఉంటే బాగుండుననుకొంటావో ఊహించమని ఆయన శిష్యులకు నేర్పాడు.

“ఒక నోటుపుస్తకం పెట్టుకో. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు ఏ పని నీలో సంతోషం మిగిల్చిందో రాయి. ఆరు నెలలు ఏదీ నిర్ణయించవద్దు” అన్నారు మా గురువు. ఆరు నెలల తరువాత ఇద్దరం కలిసి ఆ పుస్తకం తిరగేశాం. దాదాపు ప్రతి పుటలోనూ పాఠమో, పద్యమో, పిల్లవాడో ఉన్నారు. ఆయన పుస్తకం మూసి నవ్వారు. “నీకు పిలుపు లేదని ఎవరన్నారు? ఉంది. అది వేరే గది నుంచి వస్తున్నది, అంతే” అన్నారు.

1987 వేసవిలో రేకు పెట్టెతో జీడిమెట్లలో బస్సు దిగాను. అమ్మ తలుపు తీసి, పెట్టెను చూసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది. నాన్న బయటకు వచ్చి పెట్టె అందుకొన్నారు. “భోంచేశావా?” అన్నారు. “నాన్నా, నేను ఇక అక్కడికి వెళ్లను” అన్నాను. “ఇల్లు ఇక్కడే ఉంది గదరా. కాళ్లు కడుక్కో” అన్నారు. అంతకుమించి ఆయన ఆ విషయం ఎత్తలేదు. అమ్మ మాత్రం రెండు నెలలపాటు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమెకు కోపం కాదు, భయం. మాట తప్పితే మొక్కు తీర్చని పాపం నా మీద పడుతుందేమోనన్న భయం. నాకూ అదే భయం. దేవుని పనికి పనికిరాని వాణ్ణన్న సిగ్గు దానికి తోడు.

ఆ రోజుల్లోనే నాన్న పనిచేసే కార్ఖానాలో ఒక ప్రమాదం జరిగింది. పని త్వరగా సాగడానికి ప్రెస్సు యంత్రానికి ఉన్న రక్షణ కవచాన్ని తీసివేసి నడుపుతున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడి చేతివేళ్లు రెండు అందులో పోయాయి. మూడవ రోజున ఒక కాగితం సిద్ధమయింది. ఆ కుర్రవాడు తాగి పనిచేశాడని సాక్షుల సంతకాలు కావాలి. అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం ప్రకారం, ప్రాణం పోని ప్రమాదానికి కార్మికుడి మద్యపానమే కారణమని తేలితే యజమాని పరిహారం చెల్లించవలసిన అవసరం ఉండేది కాదు. చుక్క కూడా ముట్టని ఆ పిల్లవాడు మద్యపాయి కావాలంటే నాన్న సంతకం చేయాలి.

ఆ రాత్రి నాన్న నిద్రపోలేదు. “సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే వీడి చదువు ఎట్లా?” అని అమ్మతో అంటుండగా చీకట్లో విన్నాను. అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అంది: “ఆ సంతకం పెట్టిన చేత్తో రేపు జపమాల ఎట్లా పట్టుకొంటారు?”

నాన్న సంతకం చేయలేదు. వారం తిరగకుండా ఆయన ఉద్యోగం పోయింది. ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, మూత తీయని టిఫిన్ క్యారియర్‌ను అరుగు మీద పెట్టారు. అయిదు నెలలు స్థిరమైన పని దొరకలేదు. అమ్మ జాకెట్లు కుట్టింది. నేను పిల్లలకు ప్రైవేట్లు చెప్పాను. అయితే నన్ను ఆశ్చర్యపరచినది ఉద్యోగం పోయిన సంగతి కాదు. ఆ సాయంత్రం జపమాల చివర నాన్న ఎప్పటివలెనే రోగుల కోసం, బంధువుల కోసం ప్రార్థించి, ఆ కుర్రవాడి పేరు చెప్పి, ఆ తరువాత యజమాని పేరు కూడా చేర్చారు. నాకు ఒళ్లు మండింది. “ఆయన కోసం ఎందుకు నాన్నా?” అన్నాను. “ఆయనకూ పిల్లలున్నారు గదరా. తప్పు చేసినవాడికి ప్రార్థన ఇంకా ఎక్కువ కావాలి” అన్నారాయన.

మహాభారతంలో కౌశికుడనే తపస్వి కథ మీరు వినే ఉంటారు. ఎర్రన పూరించిన అరణ్యపర్వశేషంలో ఉంది. వృద్ధులైన తల్లిదండ్రులను విడిచి తపస్సు చేసిన ఆ బ్రాహ్మణుణ్ణి ఒక గృహిణి ధర్మం తెలుసుకోవడానికి మిథిలలోని ఒక మాంసవిక్రేత దగ్గరకు పంపుతుంది. అంగట్లో కూర్చొన్న ఆ ధర్మవ్యాధుడు తన కర్తవ్యాన్ని నెరవేరుస్తూ, తల్లిదండ్రులను సేవిస్తూ, తపస్వికి అందని ధర్మాన్ని అందుకొన్నవాడు. పవిత్రతను వెదుక్కొంటూ రెండేళ్లు దూరప్రాంతంలో గడిపి వచ్చిన నాకు, అది చేతులకు గ్రీజు మరకలతో మా రేకుల ఇంట్లోనే కూర్చొని ఉన్నదని ఆ సాయంత్రం అర్థమయింది. చాలాకాలం తరువాత చదివాను. రెండవ వాటికన్ మహాసభ 1964 నవంబరు 21న వెలువరించిన పత్రంలో పవిత్రత గురువులకో, మఠవాసులకో పరిమితం కాదని, ప్రతి విశ్వాసికీ ఆ పిలుపు ఉన్నదని ప్రకటించింది. కుటుంబాన్ని ‘గృహ శ్రీసభ’ అన్నది. నాన్న ఆ పత్రం పేరు కూడా విని ఉండరు.

అమ్మ భయాన్ని తీర్చినది మా విచారణ గురువు. ఒక ఆదివారం అమ్మే వెళ్లి ఏడుస్తూ మొక్కు సంగతి చెప్పింది. ఆయన శ్రీసభ చట్టంలోని ఒక చిన్న సూత్రం వివరించారు: మొక్కు మొక్కుకొన్నవారినే కట్టివేస్తుంది గాని, ఇంకొకరిని కట్టివేయదు. “నీ కొడుకు జీవితం నీది కాదమ్మా, నువ్వు ఇవ్వడానికి. నీ చేతిలో ఉన్నది ఏదైనా ఇవ్వు” అన్నారట. అమ్మ ఇంటికి వచ్చి చాలాసేపు ఆలోచించింది. మా వీధి చివర ఎవరూ లేని ఒక ముసలమ్మ పక్షవాతంతో పడి ఉండేది. మరునాటి నుంచి రోజూ ఆమెకు స్నానం చేయించి అన్నం పెట్టడం అమ్మ పనిగా పెట్టుకొంది. నాలుగేళ్లు, ఆ ముసలమ్మ కన్నుమూసేదాకా ఆ పని మానలేదు. ఆ మొక్కుబడి అట్లా చెల్లింది.

నేను తెలుగు చదువుకొన్నాను. ప్రబంధ సాహిత్యంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందాను. అధ్యాపకుణ్ణయ్యాను. పెళ్లయింది, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. జీడిమెట్లను వదలలేదు. రేకుల ఇంటి స్థానంలో డాబా లేచింది. గోడమీది పటం మాత్రం అదే. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ వెలిసిన తరువాత మా కార్మికుల వీధుల పిల్లలు కూడా బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా అటువైపు బస్సులెక్కడం మొదలుపెట్టారు. మా అమ్మాయి కూడా డిగ్రీ అయ్యాక అక్కడే ఒక కంపెనీలో చేరింది.

నేను విచారణలో పెద్దమనిషినయ్యాను. నెలకొకసారి దైవపిలుపుల కోసం జరిగే ప్రార్థనను నడిపించేది నేనే. ‘మా కుటుంబాల నుంచి గురువులను, మఠకన్యలను దయచేయండి’ అని గంభీరమైన తెలుగులో ప్రార్థన రాసి చదివేవాణ్ణి. నా భాషను అందరూ మెచ్చుకొనేవారు.

2021లో ఒక రాత్రి జపమాల ముగిశాక మా అమ్మాయి పూసలు చేతిలోనే పెట్టుకొని అంది: “నాన్నా, నేను మఠంలో చేరదామనుకొంటున్నాను. రెండేళ్లుగా ఆలోచిస్తున్నాను. ముందు మీతో చెప్పాలని.”

నేను చెప్పిన మాటలు తలచుకొంటే ఇప్పటికీ సిగ్గువేస్తుంది. మంచి జీతం అన్నాను. వయసు చిన్నదన్నాను. సంబంధాలు చూస్తున్నామన్నాను. దేవుణ్ణి సేవించడానికి ఇల్లు చాలదా అని మా నాన్న ఉదాహరణ చెప్పాను. చివరికి, “ముసలితనంలో మమ్మల్ని ఎవరు చూస్తారు?” అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. “మీరు వద్దంటే ఇప్పుడే వెళ్లను నాన్నా. కానీ ఆ ఆలోచన పోవడం లేదు” అంది. ఆ తరువాత నెలల తరబడి మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు తగ్గిపోయాయి. ప్రార్థనలో ఆమె గొంతు చిన్నదయింది. అయినా నేను నెలనెలా దైవపిలుపుల ప్రార్థన నడిపిస్తూనే ఉన్నాను. ‘మా కుటుంబాల నుంచి’ అన్నచోట నా నాలుక తడబడలేదు. అది మొక్కుబడి అని నాకు తెలియలేదు.

తెలియజేసినది ఒక విద్యార్థి. పోతన భాగవతంలోని ప్రహ్లాదచరిత్ర చెబుతున్నాను. ఇరవై అయిదేళ్లుగా చెబుతున్న పాఠం. చదువు ముగించి వచ్చిన కుమారుణ్ణి తండ్రి ఆప్యాయంగా దగ్గరకు తీసుకొని, ఏం నేర్చుకొన్నావో చెప్పమని అడిగే ఘట్టం. వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి అడిగాడు: “సార్, హిరణ్యకశిపుడికి కొడుకంటే ప్రేమే గదా? మరి ఎందుకట్లా చేశాడు?”

ఏదో సమాధానం చెప్పాను. గంట మోగింది. అధ్యాపకుల గదిలో కూర్చొన్నాక చేతిలోని పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ప్రేమే. సందేహం లేదు. తన కొడుకు తన కొడుకుగానే ఉండాలన్న ప్రేమ. ఇన్నేళ్లూ ఆ కథ చెబుతూ నేను ప్రహ్లాదుడి పక్షాన నిలబడ్డాననుకొన్నాను.

ఆ సాయంత్రం ఈ సంగతి నా భార్యతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. తల ఎత్తకుండానే అంది: “అత్తయ్యగారు మిమ్మల్ని అటు తోశారు. మీరు దీన్ని ఇటు లాగుతున్నారు. తోసినా లాగినా చెయ్యి మనదే గదండీ. అది ఎక్కడ దాని కాళ్లమీద నిలబడింది?”

నాలుగు మాటల్లో ఆమె చెప్పిన దానికి నేను తరువాత ఎన్నో పుటలు చదివాను. 1983 నాటి శ్రీసభ చట్టం జీవితాంతస్తును ఎంచుకోవడంలో ఎవరిమీదా ఏ నిర్బంధమూ ఉండరాదని స్పష్టంగా చెబుతుంది. బలవంతం వల్లనో, భయం వల్లనో మఠంలో చేరితే ఆ చేరిక చెల్లదు. చేరాక కూడా తొందర లేదు. కొంతకాలం అభ్యర్థినిగా ఉండాలి. తరువాత కనీసం పన్నెండు నెలల నొవిషియేట్ శిక్షణ. ఆ తరువాత పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే వ్రతాలను తాత్కాలికంగా స్వీకరిస్తారు. ఆ గడువు మూడేళ్లకు తక్కువ కాదు. గడువు తీరినప్పుడు గౌరవంగా ఇంటికి తిరిగి రావచ్చు. ఇన్నేళ్ల వ్యవధి పెట్టినది పరీక్షించడానికే గాని బంధించడానికి కాదు. మా నాన్న అందుకొన్న పెట్టె గుర్తుకు వచ్చింది.

మరొక తండ్రి కథ కూడా నాకు తోడయింది. ఫ్రాన్సు దేశంలోని అలాంసోన్ పట్టణంలో లూయీ మార్టిన్ గడియారాలు బాగుచేసేవాడు. అతని భార్య జేలీ లేసు అల్లించే వ్యాపారం నడిపేది. యౌవనంలో ఆయన సన్యాసి కాగోరితే లాటిన్ రాదని మఠంవారు చేర్చుకోలేదు. ఆమె మఠకన్య కాగోరితే ఆమెనూ అంగీకరించలేదు. 1858లో వారిద్దరికీ పెళ్లయింది. తొమ్మిదిమంది బిడ్డల్లో నలుగురు పసితనంలోనే పోయారు. 1877లో రొమ్ము క్యాన్సరుతో జేలీ కన్నుమూసింది. 1887లో చిన్న కూతురు తెరేజా, పద్నాలుగేళ్లది, తోటలో తండ్రి పక్కన కూర్చొని మఠానికి వెళతానని అడిగింది. అప్పటికే పెద్ద కుమార్తెలు ఇద్దరు మఠంలో ఉన్నారు. ఆయన కళ్లనీళ్లతోనే సమ్మతించి, గోడపక్కన ఉన్న ఒక చిన్న తెల్లని పూలమొక్కను పెకలించి ఆమె చేతికిచ్చాడు. వేళ్లు తెగకుండా ఊడివచ్చిందా మొక్క. ఇంకొకచోట నాటితే బతుకుతుందని ఆమె దాన్ని గుర్తుగా దాచుకొంది. ఆ తెరేజా 24 ఏళ్లకే మరణించినా 1925లో పునీతురాలైంది. ఆ దంపతులను 2015 అక్టోబరు 18న శ్రీసభ పునీతులుగా ప్రకటించింది. భార్యాభర్తలను జంటగా ఒకేసారి ఆ స్థానంలో నిలపడం అదే మొదటిసారి. మఠం కాదన్న ఇద్దరు సంసారంలోనే పునీతులయ్యారు. వారి బిడ్డ మఠంలో అయింది. ఏది గొప్ప అన్న ప్రశ్న అక్కడ లేదు. ఎవరి దారి ఏది అన్నదే ప్రశ్న.

నేను మా అమ్మాయి దగ్గరకు వెళ్లి, “నేను వద్దన్నది నీ మేలు కోసం కాదమ్మా, నా భయం కోసం. అయితే నువ్వూ తొందరపడవద్దు” అన్నాను. పాత పెట్టెలో ఉన్న నా నోటుపుస్తకం తీసి ఇచ్చాను. ఆమె పుటలు తిప్పుతూ నవ్వింది. చాలా నెలల తరువాత ఆ ఇంట్లో విన్న నవ్వు. “ఇందులో అన్నీ పద్యాలే నాన్నా!” అంది. ఆమె తన పుస్తకం తాను రాసుకొంది. సెలవు పెట్టి ఒక పల్లెలో మఠకన్యలు నడిపే వైద్యశాలలో కొన్ని వారాలు ఉండి, గాయాలకు కట్లు కట్టడం, రాత్రి మేలుకొనడం, విసుగు, అలసట అన్నీ చూసి వచ్చింది. వచ్చాక కూడా ఆ సంతోషం నిలిచే ఉంది. 2022 జూన్‌లో వెళ్లింది. ఆమె పెట్టెను బస్సు దాకా నేనే మోశాను. ఇంటికి వచ్చాక ఆమె పళ్లెం పక్కకు తీయడానికి నా భార్యకు చేతులు రాలేదు. ఇవ్వడంలో నొప్పి ఉండదని ఎవరైనా చెబితే నేను నమ్మను.

అదే సంవత్సరం ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోని గారు రోమునగరంలో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోను, దళితులలోను ఆ స్థానాన్ని పొందిన మొదటివారు ఆయనే. మా వీధిలో మిఠాయిలు పంచారు. పొరుగింటాయన మెచ్చుకోలుగా, “మీ అమ్మాయి కూడా చాలా పెద్ద హోదాకు వెళుతుంది చూడండి” అన్నారు. నా భార్య నవ్వి, “హోదా కోసమైతే ఉద్యోగంలోనే ఉండేదండీ” అంది.

ఇప్పుడు మా అమ్మాయి నొవిషియేట్ ముగించి తాత్కాలిక వ్రతాల్లో ఉంది. ఒక పల్లె వైద్యశాలలో మందులిస్తున్నది. మా అబ్బాయి హైటెక్ సిటీలో పనిచేస్తున్నాడు. మొన్న తన కింద పనిచేసే ఒక పిల్లను అన్యాయంగా తీసివేయబోతే తన పై అధికారితో వాదించి వచ్చాడు. రాత్రి జపమాల చివర ఆ అధికారి పేరు కూడా చెప్పాడు. మా నాన్న సంగతి వాడికి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

మీలో ఒకరికి డాక్టరు కావాలని మీ ఇంట్లో ఎవరో మొక్కుకొని ఉండవచ్చు. మరొకరు పాటో, పొలమో, పాఠమో కావాలంటే వద్దని ఎవరో చేయి పట్టి లాగుతూ ఉండవచ్చు. వారు మిమ్మల్ని ప్రేమించేవారే. వారి మీద కోపం తెచ్చుకోవద్దు. ఒక నోటుపుస్తకం కొనుక్కోండి. ఆరు నెలలు రాయండి. తరువాత ఆ పుస్తకాన్ని వారికే చూపండి.

దైవపిలుపుల ప్రార్థనను ఇప్పటికీ నేనే నడిపిస్తున్నాను. పాత ప్రార్థన చించివేసి కొత్తది రాశాను. ‘మా కుటుంబాల నుంచి’ అన్నచోట ఇప్పుడు నా నాలుక తడబడుతుంది. తడబడిన ఆ క్షణంలో మా అమ్మాయి గది, గోడమీది పటం, మూత తీయని టిఫిన్ క్యారియర్ కళ్ల ముందుకు వస్తాయి. మా అమ్మాయి గడువు తీరాక అక్కడే ఉండిపోతుందో, ఒకనాడు పెట్టెతో తిరిగి వస్తుందో నాకు తెలియదు. వస్తే అడగవలసిన ప్రశ్న ఏమిటో మాత్రం తెలుసు. భోంచేశావా అని.